ఆదివారం సెలవు సాధించిన లోఖండే

ఫిబ్రవరి 9 వర్ధంతి సందర్భంగా

ఆదివారం వచ్చిందంటే బడికి సెలవు, కచేరీకి సెలవు. పట్నంలో కార్ఖానాలో పనిచేసే కొడుకు ఊరికి వచ్చేది ఆ రోజే. పెళ్ళి చూపులైనా, పొలం బేరమైనా, కుల సంఘం సమావేశమైనా ఆదివారమే పెట్టుకుంటాము. ఈ సెలవు ఎప్పటి నుంచో ఉన్నదేనని మనం అనుకుంటాము. కాని మన దేశంలో మిల్లు కూలీకి ఆదివారం సెలవు దానంతట అది రాలేదు. ఎవరూ దయ తలచి ఇవ్వలేదు. ఒక మామూలు గుమస్తా ఆరేళ్ళ పాటు సభలు పెట్టి, కూలీల చేత అర్జీల మీద సంతకాలు, వేలిముద్రలు వేయించి సాధించి పెట్టిన సెలవు అది. ఆయన పేరు నారాయణ మేఘాజీ లోఖండే. 1890 జూన్ 10న బొంబాయి మిల్లు యజమానుల సంఘం ఆదివారం సెలవుకు ఒప్పుకున్నది. ఆ తర్వాత ఏడేళ్ళు తిరగకుండానే, 1897 ఫిబ్రవరి 9న, ప్లేగు రోగులకు సేవ చేస్తూ అదే ప్లేగుతో ఆయన కన్ను మూశారు.

మన జిల్లా నుంచి బతుకు తెరువుకు బొంబాయి, భివండి, షోలాపూర్ వెళ్ళిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. మిల్లుల్లో పనిచేసి తిరిగి వచ్చిన పెద్దలు ఇంకా కొన్ని వాడల్లో ఉన్నారు. ఆ పెద్దలకు వారానికి ఒక రోజు విశ్రాంతి ఇప్పించిన మనిషి కథ వారి మనుమలు తెలుసుకోవలసినది.

గుమస్తా నుంచి పత్రికా సంపాదకునిగా

లోఖండే 1848లో బొంబాయికి దగ్గరలోని ఠాణాలో పుట్టారు. వారిది పూలతోటలు పెంచే ఫూల్‌మాలీ కులం, బీద కుటుంబం. మెట్రిక్ దాకా చదువుకున్నారు. ఆ రోజుల్లో ఆ కులంలో, ఆ స్థితిలో అంత చదువంటే గొప్పే. రైల్వేలో కొంత కాలం, తపాలా శాఖలో కొంత కాలం ఉద్యోగం చేశారు. తర్వాత బొంబాయి మాండ్వీలోని ఒక బట్టల మిల్లులో స్టోరు గుమస్తాగా చేరారు.

ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది ఆ మిల్లు ఉద్యోగమే. స్టోరు గుమస్తా కుర్చీలో కూర్చున్నవాడికి మిల్లు లోపలి సంగతి అంతా కనిపిస్తుంది. ఎవరు ఎప్పుడు వస్తున్నారు, ఎవరికి జరిమానా పడింది, ఎవరి చెయ్యి యంత్రంలో నలిగింది, ఎవరి పేరు హాజరు పుస్తకంలో కొట్టివేశారు అన్నీ ఆయన కళ్ళ ముందే జరిగాయి. కూలీల కష్టాన్ని ఆయన పక్కన కూర్చుని చూసి తెలుసుకున్నారు.

అప్పటికే పూనాలో జ్యోతిరావు ఫూలే 1873లో సత్యశోధక సమాజాన్ని స్థాపించారు. శూద్రులకు, అతిశూద్రులకు చదువు, గౌరవం కావాలని ఆ సమాజం పనిచేసేది. లోఖండే ఫూలే అనుచరులయ్యారు. ఆ ఉద్యమానికి గొంతుగా కృష్ణారావు భాలేకర్ 1877లో పూనాలో దీనబంధు అనే మరాఠీ వారపత్రికను మొదలుపెట్టారు. పత్రిక నడపడం కష్టమై ఆగిపోయే పరిస్థితి వచ్చింది. 1880లో లోఖండే మిల్లు ఉద్యోగం వదులుకుని, ఆ పత్రికను బొంబాయికి తెచ్చి సంపాదకులయ్యారు. నెల జీతం వదులుకుని, లాభం లేని పత్రికను భుజాన వేసుకోవడం ఇంటివాళ్ళు మెచ్చే పని కాదు. ఐనా ఆయన వెనుకాడలేదు.

బొంబాయిలో తెలుగువారి తోడు

ఇక్కడ మనవారి సంగతి ఒకటి చెప్పుకోవాలి. బొంబాయి నగరం పెరుగుతున్న రోజుల్లో నైజాం రాజ్యం నుంచి కట్టుబడి పనులకు, రాళ్ళ పనులకు, మోత పనులకు వెళ్ళిన తెలుగు కూలీలను అక్కడ కామాఠీలు అనేవారు. కామాఠీపురా పేట పేరు వారి వల్ల వచ్చిందే. వారిలో కొందరు పనుల్లో నిలదొక్కుకుని కంట్రాక్టర్లయ్యారు. బొంబాయిలో ఫూలే సత్యశోధక సమాజానికి అండగా నిలిచినవారిలో ఈ తెలుగు కంట్రాక్టర్లు ముఖ్యులు. రామయ్య వెంకయ్య అయ్యవారు, వ్యంకు బాలోజీ కాళేవార్ వంటి పేర్లు ఆ ఉద్యమ చరిత్రలో నిలిచాయి.

లోఖండే ఈ బృందంతో కలిసి పనిచేశారు. 1888 మే 11న బొంబాయి మాండ్వీలో జరిగిన సభలో జ్యోతిరావు ఫూలేకు మహాత్మ అనే బిరుదు ఇచ్చారు. ఆ రోజుల్లో బొంబాయి సత్యశోధకుల్లో లోఖండే ముఖ్యుడు.

పొద్దు పొడుపు నుంచి పొద్దు గూకే దాకా

ఆనాటి మిల్లు కూలీ బతుకు ఎలా ఉండేదో తెలిస్తేనే లోఖండే చేసిన పని విలువ తెలుస్తుంది.

బొంబాయిలో మొదటి నూలు మిల్లును 1854లో కావస్జీ నానాభాయి దావర్ స్థాపించారు. ఆ తర్వాత ముప్పై ఏళ్ళలో పదుల సంఖ్యలో మిల్లులు లేచాయి. కొంకణం, సతారా, పూనా ప్రాంతాల రైతు బిడ్డలు వేల సంఖ్యలో వచ్చి చేరారు. మిల్లుల్లో అప్పటికి కరెంటు దీపాలు లేవు. అందువల్ల పొద్దు పొడిచినప్పటి నుంచి పొద్దు గూకే దాకా పని. చలికాలంలో పగలు తక్కువ కనుక కొంత నయం. వేసవిలో పదమూడు, పద్నాలుగు గంటలు నిలబడి పనిచేయాలి. మిల్లు కూత వినబడక ముందే చీకట్లో లేచి, రొట్టె మూట కట్టుకుని పరుగెత్తాలి. మధ్యాహ్నం తినడానికి గంట కొట్టే పద్ధతి చాలా చోట్ల లేదు. యంత్రం తిరుగుతూనే ఉంటుంది, పక్కవాణ్ణి చూడమని చెప్పి రెండు ముద్దలు తినాలి. లోపల గాలి ఆడదు, దూది నూగు ఎగిరి గొంతులో, ఊపిరిలో చేరేది.

పనిలో పెట్టేది, తీసేది జాబరు. మన వైపు మేస్త్రీ వంటివాడు. వాడికి మామూలు ముట్టజెప్పకపోతే పని నిలవదు. నెల జీతం నెలాఖరుకు ఇవ్వరు. ఒక నెల పని చేస్తే, ఆ డబ్బు చేతికి రావడానికి తర్వాతి నెల కూడా గడిచిపోయేది. ఈలోగా బియ్యం, జొన్నలు అప్పుకు తేవాలి. అప్పు ఇచ్చే షావుకారు వడ్డీ కోసుకుంటాడు. ఒకసారి ఈ చక్రంలో పడిన కుటుంబం బయట పడడం అరుదు.

మిల్లుల్లో ఆడవాళ్ళు ఎక్కువగా నూలు చుట్టే విభాగాల్లో ఉండేవారు. ఇల్లు ఊడ్చి, వంట చేసి, నీళ్ళు మోసి వచ్చి మళ్ళీ పొద్దంతా ఆ పని. చంటిపిల్లల సంగతి మరీ ఘోరం. తల్లి పనిలో ఉన్నప్పుడు బిడ్డ ఏడవకుండా కొంచెం నల్లమందు పెట్టి నిద్రపుచ్చే అలవాటు బొంబాయి కూలీ వాడల్లో ఉండేదని 1920ల్లో జరిపిన విచారణల్లో కూడా బయటపడింది. లోఖండే కాలం గడిచిన తర్వాత కూడా స్థితి అలా ఉన్నదంటే, ఆయన కాలంలో ఎలా ఉండేదో ఊహించుకోవచ్చు.

ఇక వారం సెలవు. తెల్లదొరల కచేరీలు, కోర్టులు ఆదివారం మూసేవారు. మిల్లు కూలీకి మాత్రం పెద్ద పండుగలకు తప్ప విశ్రాంతి లేదు. యంత్రాలు ఆపిన రోజున కూడా వాటిని తుడిచి, నూనె వేసి శుభ్రం చేయడానికి సగం రోజు రావలసిందే.

1881 చట్టం, అందులోని లొసుగు

కార్ఖానాల్లో పిల్లల చేత చేయించే పని చూసి సోరాబ్జీ షాపూర్జీ బెంగాలీ అనే పార్సీ పెద్దమనిషి చట్టం కావాలని పట్టుబట్టారు. 1881లో మొదటి ఫ్యాక్టరీ చట్టం వచ్చింది. ఏడేళ్ళ లోపు పిల్లలను పనిలో పెట్టరాదు, ఏడు నుంచి పన్నెండేళ్ళ లోపు పిల్లలకు రోజుకు తొమ్మిది గంటలకు మించి పని ఉండరాదు, వారికి నెలకు నాలుగు రోజులు సెలవు ఇవ్వాలి అన్నది దాని సారాంశం. ప్రమాదకరమైన యంత్రాలకు కంచె కట్టాలన్నారు. నూరు మంది కంటే తక్కువ ఉన్న కార్ఖానాలకు ఆ చట్టం వర్తించదు. పెద్దవాళ్ళైన మగవారికి, ఆడవారికి అందులో ఏమీ లేదు. ఏడేళ్ళ పిల్లవాడు తొమ్మిది గంటలు పనిచేయవచ్చునన్నదే ఆనాటి దయ.

ఆ లోటు పూడ్చడానికి లోఖండే నడుం కట్టారు.

పరేల్ సభ, ఐదు కోరికలు

1884లో ఫ్యాక్టరీల స్థితిని విచారించడానికి బొంబాయి ప్రభుత్వం ఒక సంఘాన్ని వేసింది. ఇదే అదను అని లోఖండే గ్రహించారు. పై అధికారులు విచారణకు వచ్చినప్పుడు కూలీల తరఫున మాట్లాడేవాడు లేకపోతే, యజమాని చెప్పినదే రాసుకుని పోతారు. ఆ ఏడాది సెప్టెంబరు నెలాఖరులో పరేల్ వైపు మిల్లు కూలీల సభలు జరిపారు. దేశంలో కార్మికులు తమ కోరికల కోసం ఒక చోట కూడిన తొలి పెద్ద సభలుగా వాటిని చెబుతారు. ఆ సందర్భంగానే బాంబే మిల్ హ్యాండ్స్ అసోసియేషన్ పేరు ముందుకు వచ్చింది. లోఖండే దానికి అధ్యక్షులు.

సభలో తీర్మానించిన కోరికలు ఐదు. ఒకటి, ప్రతి ఆదివారం అందరికీ పూర్తి సెలవు ఇవ్వాలి. రెండు, మధ్యాహ్నం అరగంట విశ్రాంతి ఇవ్వాలి. మూడు, పని పొద్దున ఆరున్నరకు మొదలై పొద్దు గూకగానే ఆగాలి. నాలుగు, ఒక నెల జీతం తర్వాతి నెల పదిహేనో తేదీలోగా చెల్లించాలి. ఐదు, పనిలో దెబ్బ తగిలిన కూలీకి నయమయ్యే దాకా పూర్తి జీతం ఇవ్వాలి, జీవితాంతం పనికి రాకుండా అయితే బతకడానికి ఏర్పాటు చేయాలి.

ఈ అర్జీ మీద 5,500 మంది దాకా కూలీలు సంతకాలు చేశారు. వారిలో చాలామందికి అక్షరం ముక్క రాదు. అక్షరం రానివాడు తన పేరు కాగితం మీద పెట్టడమంటే ఆనాడు చిన్న సంగతి కాదు. ఆ కాగితం జాబరు కంట పడితే మర్నాడు పని పోతుంది.

ఆ ఐదు కోరికలను ఇప్పుడు చదివితే ఎంత చిన్నవో అనిపిస్తుంది. జీతం పెంచమని అందులో లేదు. ముద్ద తినడానికి అరగంట, చేసిన పనికి వేళకు కూలి, చెయ్యి తెగినవాడికి తిండి, వారానికి ఒక రోజు భార్యాబిడ్డలతో గడిపే వీలు. అడిగింది అంతే. ఐనా వెంటనే ఏదీ రాలేదు.

అటు యజమానులు, ఇటు పత్రికలు

యజమానులు చెప్పిన కారణాలు ఎన్నో. హిందువులకు పండుగలు చాలా ఉన్నాయి, వేరే సెలవు దేనికన్నారు. సెలవు ఇస్తే కూలీ పోతుంది, కూలీలే దాన్ని కోరరన్నారు.

ఇంకొక చిక్కు కూడా ఉన్నది. ఇంగ్లండులో లాంకషైర్ బట్టల మిల్లుల వారు బొంబాయి మిల్లుల పోటీకి భయపడ్డారు. ఇక్కడ పని గంటలు తగ్గితే తమకు లాభమని వారు కూడా చట్టం కావాలని గొడవ చేశారు. దాంతో మన దేశంలోని పెద్ద పెద్ద జాతీయ పత్రికలు ఫ్యాక్టరీ చట్టాన్ని తెల్లవారి కుట్ర అన్నాయి. అందులో నిజం కొంత లేకపోలేదు. ఐతే ఎవరి లాభం కోసం ఎవరు అడిగినా, పన్నెండు గంటలు నిలబడే కూలీ కాళ్ళ నొప్పి మాత్రం నిజమే కదా. లోఖండే ఆ పక్షాన నిలబడ్డారు. దేశాభిమానం లేనివాడన్న నింద పడే ప్రమాదం ఉన్నా వెనక్కి తగ్గలేదు. దీనబంధులో వారం వారం కూలీల సంగతులు రాస్తూనే పోయారు.

ఖండోబా వారం

ఆదివారమే ఎందుకు? దొరల పండుగ రోజు మనకెందుకన్న ప్రశ్న వచ్చింది. లోఖండే దానికి మంచి సమాధానం కనిపెట్టారు. మహారాష్ట్రలో రైతులకు, గొల్లలకు, పనిపాటల వారికి ఇలవేల్పు జెజూరి ఖండోబా. ఆయనకు ప్రీతి అయిన రోజు ఆదివారం. కనుక ఆ రోజు సెలవు అడగడం మన ఆచారమే అని ఆయన వాదించారు.

ఈ మాట మన పాఠకులకు తేలికగా అర్థమవుతుంది. ఖండోబా అంటే మన మల్లన్నే. కొమురవెల్లిలో సంక్రాంతి మొదలు ఉగాది దాకా జాతర సాగేది ఆదివారాలే. అక్కడ జెజూరిలో చల్లే పసుపు, ఇక్కడ మనం పెట్టుకునే బండారి ఒక్కటే. కూలీలకు అర్థం కాని చట్టం భాషను వారి ఇలవేల్పు పేరుతో అర్థమయ్యేలా చెప్పడం లోఖండే తెలివి.

పదివేల మంది సభ

ఆరేళ్ళు గడిచాయి. ఆయన అర్జీలు పెడుతూనే ఉన్నారు. 1890 ఏప్రిల్ 24న మహాలక్ష్మి గుర్రపు పందేల మైదానం వద్ద పెద్ద సభ జరిపారు. సుమారు పదివేల మంది మిల్లు కూలీలు వచ్చారు. ఆ సభలో ఇద్దరు ఆడకూలీలు లేచి మాట్లాడారు. ఆడది నలుగురిలో నోరు విప్పితే తప్పు పట్టే కాలంలో, పదివేల మంది ముందు మిల్లు ఆడకూలీ తన కష్టం చెప్పుకున్నది.

ఆ సభ నుంచి మిల్లు యజమానుల సంఘానికి ఆదివారం సెలవు కోరుతూ వినతి వెళ్ళింది. ఇక కాదనడానికి వీల్లేక 1890 జూన్ 10న యజమానుల సంఘం ఒప్పుకున్నది. ఒక్క మిల్లు తగలబడలేదు, ఒక్క రాయి పడలేదు. వారానికి ఒక పూర్తి రోజు కూలీ చేతికి వచ్చింది. దానితో ఏమేం వచ్చాయో కూలీ ఇంటివాళ్ళకే తెలుసు. తండ్రి ముఖం పగటి వెలుగులో చూడని పిల్లలు చూశారు. తలంటు పోసుకోవడానికి, చిరిగిన బట్ట కుట్టుకోవడానికి, ఊరి నుంచి వచ్చిన చుట్టాన్ని పలకరించడానికి, ఊరికి ఉత్తరం రాయించుకోవడానికి ఒక రోజు దొరికింది.

1891 చట్టం

అదే 1890లో భారత ప్రభుత్వం ఫ్యాక్టరీ కార్మికుల విచారణ సంఘాన్ని వేసింది. బొంబాయి విచారణలో కూలీల తరఫున లోఖండేకు అందులో చోటు ఇచ్చారు. కార్ఖానా కూలీల పక్షాన ఒక దేశీయుడు అధికార విచారణలో కూర్చోవడం కొత్త సంగతి.

1891లో కొత్త చట్టం వచ్చింది. అందరికీ వారానికి ఒక రోజు సెలవు, మధ్యాహ్నం అరగంట విశ్రాంతి చట్టంలో చేరాయి. ఆడవారికి రోజుకు పదకొండు గంటలకు మించి పని ఉండరాదన్నారు, ఆ పదకొండులో గంటన్నర విశ్రాంతి ఇవ్వాలన్నారు. పిల్లల కనీస వయసు ఏడు నుంచి తొమ్మిదికి పెరిగింది. తొమ్మిది నుంచి పద్నాలుగేళ్ళ లోపు వారికి ఏడు గంటల పని పెట్టారు. నూరు మందికి బదులు యాభై మంది ఉన్న కార్ఖానాలకు కూడా వర్తింపజేశారు. పెద్ద మగవారి పని గంటలకు హద్దు మాత్రం అప్పుడు పెట్టలేదు. అది 1911 చట్టం దాకా ఆగవలసి వచ్చింది.

మిల్లు బయట చేసిన పనులు

లోఖండే కూలీని మిల్లులో మాత్రమే చూడలేదు. అతని ఇంటిని, వాడను కూడా పట్టించుకున్నారు.

ఆ కాలంలో కొన్ని కులాల్లో భర్త పోయిన ఆడదానికి బలవంతాన గుండు చేయించేవారు. ఆ పని చేయవలసినది మంగలి. 1890లో లోఖండే బొంబాయి మంగలి వారిని కూడగట్టి సభ జరిపించారు. కొన్ని వందల మంది వచ్చి, ఇకపై ఆ పాపపు పని చేయమని నిర్ణయించుకున్నారు. దురాచారాన్ని ఉపన్యాసంతో కాక, ఆ కత్తి పట్టే చేతులతోనే ఆపించాలని చూశారు.

1893 ఆగస్టులో బొంబాయిలో హిందూ ముస్లిం కల్లోలం చెలరేగింది. కూలీ వాడలు తగలబడే స్థితి వచ్చింది. ఒకే మిల్లులో పక్కపక్క యంత్రాల దగ్గర నిలబడేవారు వీధిలో ఒకరినొకరు చంపుకోవడం చూసి ఆయన ఊరుకోలేదు. రాణీబాగ్‌లో అన్ని మతాల కూలీలను పిలిచి పెద్ద శాంతి సభ జరిపారు. ఈ సేవలకు ప్రభుత్వం ఆయనకు రావుబహదూర్ బిరుదు ఇచ్చింది, జస్టిస్ ఆఫ్ ది పీస్ హోదా ఇచ్చింది.

లోపాలు లేవా?

ఉన్నాయి. ఆయన నడిపిన సంఘానికి సభ్యుల జాబితా లేదు, చందా లేదు, నిధి లేదు, రాసిపెట్టిన నియమాలు లేవు. అర్జీ రాసి పంపడమే తప్ప సమ్మె చేయించే బలం లేదు. అందుకే కొందరు చరిత్రకారులు దానిని నిజమైన కార్మిక సంఘం అనరు. పద్ధతిగా సభ్యత్వం, చందా ఉన్న సంఘంగా 1918లో మద్రాసులో ఏర్పడిన మద్రాస్ లేబర్ యూనియన్‌ను మొదటిదిగా చెబుతారు.

గురువుతో కూడా ఒకసారి మనస్పర్ధ వచ్చింది. రైతుల కష్టాల మీద ఫూలే 1883లో రాసిన గ్రంథాన్ని దీనబంధులో వరుసగా వేయడం మొదలుపెట్టి, ప్రభుత్వానికి కోపం వస్తుందన్న భయంతో లోఖండే మధ్యలో ఆపేశారు. ఫూలేకు అది బాధ కలిగించింది. పత్రిక మూతపడితే కూలీల గొంతు పోతుందని లోఖండే భయపడి ఉండవచ్చు. ఐనా ఆపడం ఆపడమే. ఇది కూడా చెబితేనే ఆయన కథ నిండుగా చెప్పినట్టు.

ప్లేగు వాడలో తుది శ్వాస

1896 సెప్టెంబరులో బొంబాయి మాండ్వీలో ప్లేగు కనిపించింది. ఎలుకలు రాలడం, మనుషులకు గజ్జల్లో, చంకల్లో గడ్డలు లేవడం, రెండు మూడు రోజుల్లో పోవడం. గాలి, వెలుతురు లేని ఇరుకు చాళ్ళలో అది మంటలా పాకింది. లక్షల మంది ఊళ్ళకు పారిపోయారు. మిల్లులకు కూలీలు దొరక్క, వీధి మూలల్లో నిలబడి ఏ రోజు కూలి ఆ రోజు ఇస్తామని పిలిచే పరిస్థితి వచ్చింది. నెలల తరబడి జీతం ఆపిన యజమానులే అడ్డా మీదికి వచ్చారు.

పారిపోవడానికి లోఖండేకు కూడా దారి ఉన్నది. రావుబహదూర్ బిరుదు ఉన్న మనిషి, కావాలంటే ఏ ఊరికైనా పోవచ్చు. ఆయన పోలేదు. ప్లేగు ఆసుపత్రి అంటే జనం చావు ఇల్లు అని భయపడి రోగిని దాచిపెట్టే రోజులు అవి. మన వాళ్ళే నడిపే ఆసుపత్రి అయితే భయం పోతుందని ఆయన మరాఠా ఆసుపత్రిని ఏర్పాటు చేయించి రోగులకు సేవ చేశారు. ఆ సేవలోనే ఆయనకు ప్లేగు సోకింది. 1897 ఫిబ్రవరి 9న చనిపోయారు. వయసు యాభై కూడా నిండలేదు. నెల తిరిగే సరికి, మార్చి 10న, పూనాలో సావిత్రీబాయి ఫూలే కూడా ప్లేగు రోగులకు సేవ చేస్తూ అదే జబ్బుతో పోయారు.

ఆయన అడిగినవి ఎప్పుడు వచ్చాయి?

1884 నాటి ఆ ఐదు కోరికలను ఒకసారి గుర్తు చేసుకుందాము. ఆదివారం సెలవు 1890లో వచ్చింది. అరగంట విశ్రాంతి 1891 చట్టంతో వచ్చింది. పనిలో దెబ్బ తగిలినవాడికి నష్టపరిహారం 1923 చట్టంతో వచ్చింది. వేళకు జీతం ఇవ్వాలన్న నియమం 1936 చట్టంతో వచ్చింది. ఆయన పదిహేనో తేదీ అడిగితే, వెయ్యి మంది లోపు ఉన్న కార్ఖానాల్లో ఏడో తేదీలోగా, అంతకు మించిన వాటిలో పదో తేదీలోగా చెల్లించాలని ఆ చట్టం చెప్పింది. మితమైన పని గంటలు, ఆడకూలీల పిల్లలకు పాలనా గది వంటివి స్వాతంత్ర్యం వచ్చాక 1948 ఫ్యాక్టరీల చట్టంలో చోటు చేసుకున్నాయి. అంటే ఒక గుమస్తా ఒక కాగితం మీద రాయించిన ఐదు వాక్యాలు పూర్తిగా చట్టం కావడానికి అరవై ఏళ్ళకు పైగా పట్టింది. ఆయన చూసినవి రెండే.

2005లో కేంద్ర ప్రభుత్వం ఆయన బొమ్మతో తపాలా బిళ్ళ వెలువరించింది. బొంబాయి పరేల్‌లోని కార్మిక విద్యా సంస్థకు ఆయన పేరు పెట్టారు. ఆయన సభ జరిపిన ఆ పరేల్ వైపు మిల్లులు చాలా వరకు 1982 సమ్మె తర్వాత ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. మిల్లులు పోయినా ఆదివారం మిగిలింది.

ఐతే ఆ ఆదివారం అందరికీ అందిందా అని మనల్ని మనం అడగాలి. చట్టం నూరు మంది, యాభై మంది ఉన్న చోటును లెక్కపెట్టింది. ఇంట్లో కూర్చుని బీడీలు చుట్టే అక్కకు, రోజుకు ఇన్ని మీటర్లని సాంచాల మీద బట్ట నేసే తమ్మునికి, ఇటుక బట్టీలో కుటుంబంతో సహా దిగిన వలస కూలీకి పని చేసిన రోజే కూలి. వారికి సెలవు అంటే ఆ పూట పస్తు. మన ఊళ్ళలో ఎవరిని అడిగినా ఈ సంగతి చెబుతారు.

లోఖండే చేసింది పెద్ద మాయ కాదు. ముందు కష్టాన్ని దగ్గరగా చూశారు. అవసరమైనవి ఐదు ఏరుకున్నారు. అక్షరం రానివారిని కూడా కలుపుకుని కాగితం మీద పెట్టారు. మొదటిసారి కాకపోతే ఆరేళ్ళు విడవకుండా అడిగారు. విచారణకు వచ్చిన అధికారి ముందు కూలీల మాట వినిపించారు. ఈ పని చేయడానికి బిరుదు అక్కరలేదు. ఒక ఊళ్ళో పది మంది కూలీలు, కాగితం రాయగల ఒక చదువుకున్న పిల్లవాడు ఉంటే మొదలుపెట్టవచ్చు.

రేపు ఆదివారం ఇంట్లో నలుగురూ కలిసి అన్నం తినేటప్పుడు ఆ గుమస్తాను ఒకసారి తలచుకుంటే చాలు. ఆ వేళ మన వాడలో ఎవరి ఇంటివాడు ఇంకా పనిలోనే ఉన్నాడో కూడా చూస్తే మరీ మంచిది.